ముందు తెలిసేది రోగికే
(యల్లాప్రగడ సుబ్బారావు స్మారక ఉపన్యాసం, హిందూపురం)



సుబ్బారావు గారి పేరు మీద మాట్లాడమంటే ఆయన మందుల గొప్పతనం చెబుతానని అనుకుని ఉంటారు. ఆ పని చాలామంది చేశారు. 1895లో భీమవరంలో పుట్టి, 1923లో బోస్టన్ చేరి, 1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు వెళ్లి, 1948 ఆగస్టులో యాభై మూడేళ్లకే పోయిన మనిషి. ఆ ఎనిమిదేళ్లలో ఆయన ఆధ్వర్యంలో వచ్చిన మందులు ఈనాటికీ మన ఆస్పత్రుల్లో ఉన్నాయి. నేను కంటి వైద్యుణ్ణి. నాకు ఆ పరిశోధనశాల వేరే కారణంగా గుర్తుంటుంది. మందు ఒక జబ్బును తగ్గిస్తూ, మరోపక్క చూపును తాకడం గురించి ఇవాళ మాట్లాడతాను.

ముందు సుబ్బారావు గారి మందే ఒకటి తీసుకుందాం. హెట్రజాన్, అంటే డీఈసీ మాత్ర, 1947 నాటిది. బోదకాలు ఉన్న జిల్లాల్లో ఏటా ఇంటింటికీ వచ్చి దగ్గరుండి మింగించే మాత్ర అదే. గోదావరి జిల్లాల చుట్టాలున్నవాళ్లకు బాగా తెలుసు. ఇదే మాత్రను ఆఫ్రికాలో నది ఒడ్డు పల్లెల్లో నల్ల ఈగ కుట్టి వచ్చే ఇంకో రకం పురుగు జబ్బుకు ఇచ్చారు. ఆ పురుగు పిల్లలు చర్మంలోనే కాదు, కంట్లో కూడా తిరుగుతాయి. మందు పడగానే అవన్నీ ఒక్కసారిగా చచ్చేవి. చచ్చినచోట కన్ను వాచేది. జబ్బు వల్ల సగం పోయిన చూపు మందు వల్ల ఇంకొంత పోయేది. అందుకని ఆ దేశాల్లో డీఈసీ మానుకొని ఐవర్‌మెక్టిన్‌కు మారారు. మన బోదకాలు పురుగుకు కంట్లో కాపురం లేదు కనుక ఇక్కడ ఆ భయం లేదు. మాత్ర అదే. అది పడే ఒళ్లు, ఆ ఒంట్లో ఉన్నదీ వేరు. ఇంత తేడా వస్తుందని లెడర్లీలో కూర్చున్నవాళ్లకు ముందే తెలిసే దారి లేదు. మింగినవాళ్ల కళ్ల వల్లే తెలిసింది.

ఇక అసలు సంగతి. సుబ్బారావు గారు పోయిన పదమూడేళ్లకు, 1961లో, అదే లెడర్లీ పరిశోధనశాలలో ఎథాంబ్యుటాల్ అనే క్షయ మందు బయటపడింది. అదే 1961లో మన అనంతపురం జిల్లాలో ఇంకొకటి జరిగింది. బెంగళూరులో 1959లో ఏర్పడిన జాతీయ క్షయ సంస్థ, దేశమంతటికీ పనికొచ్చే జిల్లా స్థాయి క్షయ కార్యక్రమం ఎలా ఉండాలో తేల్చుకోడానికి మొదటి నమూనాగా ఎంచుకున్నది మన జిల్లానే. ఆ రోజుల్లో హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అన్నీ అనంతపురం కిందివే. ఇక్కడి నమూనా చూసుకునే 1962లో జాతీయ కార్యక్రమం మొదలుపెట్టారు. వైద్య విద్యార్థుల పుస్తకాల్లో ఈ ఒక్క వాక్యం ఉంటుంది, ఈ ఊళ్లలో ఎవరికీ తెలియదు. మనం దీన్ని ఎందుకు చెప్పుకోమో నాకు అర్థం కాదు.

అంతకు ముందు టీబీ అంటే శానటోరియం. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం 1915 నుంచీ ఉంది. మంచం దొరికితే అదృష్టం. మద్రాసులో 1956లో మొదలైన పరిశోధన, ఇంట్లో ఉండి మందు మింగినా శానటోరియంలో ఉన్నంత బాగానే నయమవుతుందని 1959లో చూపించింది. దాని మీద నిలబడినదే అనంతపురం నమూనా: రోగి ఇంట్లో ఉంటాడు, మందు దగ్గర్లో ఉన్న ప్రభుత్వ ఆస్పత్రిలో దొరుకుతుంది. లక్షల ప్రాణాలు నిలబెట్టిన నిర్ణయం అది. బెంగళూరు చుట్టుపక్కల పల్లెల్లో 1961 నుంచి 68 వరకు జాతీయ క్షయ సంస్థ గమనించిన రోగుల్లో దాదాపు సగం మంది ఐదేళ్లలో చనిపోయారు. ఈ రోగం మందు లేకుండా ఏం చేస్తుందో అందులోనే ఉంది. కాబట్టి నేను చెప్పబోయేది విని ఎవరూ టీబీ మాత్ర పక్కన పెట్టకండి.

కానీ శానటోరియం నుంచి ఇంటికి మారినప్పుడు ఒక పని ఎవరికి చెందుతుందో తేలకుండా మిగిలిపోయింది. అక్కడ పొద్దున్నే నర్సు వచ్చి ఎలా ఉందని అడిగేది. ఇంట్లో అడిగేదెవరు? మందు వల్ల వచ్చే బాధను కనిపెట్టే పని రోగి మీద పడింది. ఆ పని తనదని రోగికి ఎవరూ చెప్పలేదు.

అప్పటి మందులతో ఇది పెద్ద ఇబ్బంది అనిపించలేదు. స్ట్రెప్టోమైసిన్ సూది చెవిని పాడుచేస్తే రోగి తూలుతూ వస్తాడు, థయాసెటజోన్‌కు ఒంటిమీద దద్దుర్లు లేస్తాయి, అందరికీ కనిపిస్తాయి. ఎథాంబ్యుటాల్ అలా కాదు. అది తాకేది కంటి నరాన్ని. కంటి నుంచి మెదడుకు వెళ్లే ఆ నరంలో నడిమి చూపును మోసే సన్నని తంతువులు ఉంటాయి, అక్షరం చదివేదీ రంగు గుర్తుపట్టేదీ వాటితోనే. వాటికి శక్తి ఎక్కువ కావాలి, అందుకే ముందు దెబ్బ తినేవీ అవే. ఈ మందుకు రాగి, జింకు లాంటి లోహాలను పట్టుకునే గుణం ఉంది, కణంలో శక్తి తయారయ్యేచోట ఆ లోహాలు కరువై తంతువులు సొమ్మసిల్లుతాయని బలమైన అనుమానం. నొప్పి ఉండదు. కన్ను ఎర్రబడదు. నీరు కారదు. మామూలుగా రెండు నెలలు దాటాక, రెండు కళ్లలోనూ, చూస్తున్న చోటే మసక మొదలవుతుంది. కొందరికి మసక కంటే ముందు ఎరుపూ ఆకుపచ్చా తేడా తగ్గుతుంది.

వైద్యుడి ఇబ్బంది ఇక్కడే. మొదటి వారాల్లో పరికరం పెట్టి కంటి వెనక్కి చూస్తే నరం మామూలుగానే కనిపిస్తుంది. నరం పాలిపోయినట్టు మాకు తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అంతవరకూ జబ్బు ఉందనడానికి ఉన్న సాక్ష్యమల్లా రోగి మాటే.

ధర్మవరం మిత్రులు వచ్చారు కనుక మగ్గం దగ్గరికి వెళ్దాం. మీ చీరల్లో పేరున్నది డబుల్ షేడ్. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు, చీర కదిలినప్పుడల్లా రంగు మారుతుంది. ఎర్ర పడుగు మీద ఆకుపచ్చ పేక నేస్తున్న మనిషిని ఊహించుకోండి. మూడో నెల టీబీ మందు నడుస్తోంది, దగ్గు పోయింది, ఆకలి వేస్తోంది, మళ్లీ గుంటలో కాళ్లు పెట్టి కూర్చున్నాడు. నాడెలో కండె మార్చబోయి ఆగుతాడు. పెట్టెలో ఆకుపచ్చ కండెలూ గోధుమరంగు కండెలూ ఒకేలా ఉన్నాయి. పడుగులో ఎరుపు వెలిసినట్టుంది. ట్యూబ్‌లైట్ పాతబడిందనుకుంటాడు. అది మార్పిస్తాడు. తెగిన పోగు ముడివేయబోతే వేళ్ల మధ్య పోగు ఉంది, కానీ సరిగ్గా చూస్తున్న చోట కనిపించడం లేదు, కొంచెం పక్కకు చూస్తే కనిపిస్తోంది. రంగుల అట్ట పెట్టి మేము చేసే పరీక్ష కంటే వారం ముందే ఈ మనిషికి తెలిసిపోయింది. తెలిసిందని మాత్రం తెలియదు. భార్య కండెలు రంగుల వారీగా విడదీసి ఇస్తే పని నడిచిపోతుంది. ఇంకో మూడు వారాలు గడుస్తాయి.

తర్వాత కళ్లద్దాల షాపుకు వెళ్తాడు. "కండ్లు మసగ్గా ఉండాయి సార్, అద్దాలు రాసియ్యి." వయసు నలభై దాటి ఉంటే ఎవరైనా అనేది ఒకటే: చత్వారం. అద్దాలు ఇస్తారు. బాగా కనిపించడం లేదంటే అలవాటు కావాలంటారు. నీకు వేరే మందులేమైనా నడుస్తున్నాయా అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా, టీబీ అని చెప్పడానికి జంకుతారు. పెనుకొండ వైపు షిఫ్టులకు వెళ్లే కుర్రాళ్లయితే, తెలిస్తే పని పోతుందని, ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పరు.

మనకు పక్కనే, తుమకూరు జిల్లాలో, జాతీయ క్షయ సంస్థకు చెందిన డి. బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ చేసిన అధ్యయనం 1963లో అచ్చయింది. పల్లెటూరివాళ్లకు జబ్బు మీద ఎరుక లేదు, ఆస్పత్రికి రారు అని అప్పుడు అందరూ అనుకునేవారు. వీళ్లు పల్లెల్లో టీబీ తేలినవాళ్లను కూర్చోబెట్టి అడిగితే, దాదాపు అందరికీ తమ లక్షణాలు తెలుసు. సుమారు సగం మంది అప్పటికే ఆస్పత్రికి వెళ్లొచ్చారు. దగ్గు మందు సీసా ఇచ్చి పంపారు, అంతే. అరవై ఏళ్ల కింద దగ్గు మందు, ఇవాళ చత్వారం అద్దాలు. రోగి చెబుతూనే ఉన్నాడు.

ఇంకో విచిత్రం. టీబీ మందు మొదలుపెట్టిన ప్రతి మనిషికీ మూత్రం ఎర్రగా వస్తుంది, భయపడొద్దు అని తప్పకుండా చెబుతారు. అది రిఫాంపిసిన్ రంగు, దాంతో ఏ ప్రమాదమూ లేదు. ప్రమాదం లేనిదాన్ని గురించి అంత బాగా చెప్పగలిగినవాళ్లు, ప్రమాదం ఉన్న రంగు గురించి ఒక్క ముక్క చెప్పలేరా?

ప్రమాదం ఎంత? మామూలు మోతాదులో, కిలో బరువుకు 15 మిల్లీగ్రాముల లెక్కన, నూటికి ఒకరికంటే తక్కువేనని పుస్తకాలు చెబుతాయి. 25 దగ్గర ఐదారుగురు. 35 దాటితే పద్దెనిమిది దాకా. అంటే మోతాదే అసలు మాట. ఇప్పుడు ప్రభుత్వం ఇచ్చేది కలిపిన మాత్ర, ఒక్కో మాత్రలో ఎథాంబ్యుటాల్ 275 మిల్లీగ్రాములు. 35 నుంచి 49 కిలోల బరువున్నవాళ్లకు రోజుకు మూడు, అంటే 825. నలభై తొమ్మిది కిలోల మనిషికి కిలోకు 17 లోపే. సరిగ్గా ముప్పై ఐదు కిలోలున్న మనిషికి 23 దాటుతుంది. అదే గడిలో, అదే మూడు మాత్రలు. టీబీ వచ్చిన మనిషి ఏ చివర ఉంటాడో చెప్పనక్కర్లేదు. పైగా ఈ మందు ఎక్కువ భాగం మూత్రపిండాల గుండా బయటికి పోవాలి. షుగర్ ముదిరి మూత్రపిండాలు మందగించినవాడికి అది ఒంట్లోనే నిలుస్తుంది, మోతాదు పెరిగినట్టే.

వారానికి మూడురోజుల మందు పద్ధతి ఉన్నప్పుడు ఎథాంబ్యుటాల్ సాధారణంగా మొదటి రెండు నెలలే. 2017 నుంచి దేశమంతటా రోజువారీ మాత్రలొచ్చాయి, ఆరు నెలలూ ఎథాంబ్యుటాల్ ఉంటుంది. మొండి బ్యాక్టీరియా పెరగకుండా ఇది మంచి నిర్ణయమే, నేను దాన్ని తప్పుపట్టను. కానీ కంటి నరం ఆ మందుతో గడిపే కాలం మూడింతలైంది. కళ్ల మీద నిఘా కూడా మూడింతలైందా?

మసక వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్నది కూడా చిక్కే. ఎథాంబ్యుటాల్ ఆపాలి. కొందరికి చూపు వారాల్లో, నెలల్లో తిరిగొస్తుంది. ఆలస్యమైనకొద్దీ ఆ అవకాశం తగ్గుతుంది, కొందరికి ఎప్పటికీ రాదు. కానీ అది మిగతా మందులతో కలిసి ఒకే మాత్రలో ఉంది, గిల్లి పక్కన పెట్టలేం. మాత్ర మొత్తం ఆపితే టీబీ తిరగబడుతుంది, మింగితే కన్ను పోతుంది. రోగి ఇంట్లో కూర్చుని తేల్చుకోగలిగింది కాదిది. అదే రోజు ప్రభుత్వ ఆస్పత్రి డాక్టరు దగ్గరికి వెళ్లాలి, ఆయన విడివిడి మందులు తెప్పించి ఎథాంబ్యుటాల్ తీసేయాలి. రేపు సంత, ఎల్లుండి చూద్దాం అనడానికి లేదు. చిన్నపిల్లలకు మాత్రం ఎథాంబ్యుటాల్ విడి మాత్రగానే ఇస్తారు. పసిపిల్ల తన చూపు గురించి చెప్పలేదు కాబట్టి అక్కడ కన్నేసి ఉంచాల్సింది తల్లి.

కంటిని తాకేది ఈ ఒక్క మందే కాదు. మొండి టీబీకి ఇచ్చే లైనజోలిడ్ కూడా కంటి నరాన్నే తాకుతుంది, కాళ్లలో తిమ్మిర్లు తోడు. కీళ్లవాతానికి ఏళ్ల తరబడి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ రెటీనాను నెమ్మదిగా తింటుంది. ఐదేళ్లు దాటితే ఏడాదికోసారి పరీక్ష తప్పదు. షుగర్‌కు కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టినప్పుడు చూపు కొన్ని వారాలు తారుమారవుతుంది, అది సర్దుకుంటుంది, తొందరపడి అద్దాలు కొనకండి. కళ్లు దురద పెడుతున్నాయని చీటీ లేకుండా మెడికల్ షాపులో కొనే చుక్కల మందు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. అందులో చాలాసార్లు స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో హాయిగా ఉంటుంది, కాబట్టి రెండేళ్లు వాడతారు. లోపల ఒత్తిడి పెరిగి నీటికాసులు వస్తాయి. అవి తినేసిన చూపును తిరిగి తెచ్చే మందు ఎవరి దగ్గరా లేదు.

జపాన్‌లో ఇంకా పెద్దది జరిగింది. 1950ల మధ్య నుంచి అక్కడ వేలమందికి కాళ్లు చచ్చుబడి, చూపు పోవడం మొదలైంది. అంటువ్యాధి అన్నారు. వైరస్ కోసం వెతికారు. ఇరుగుపొరుగువాళ్లు రోగులను వెలివేశారు, భరించలేక ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. కొందరి నాలుక మీద ఆకుపచ్చ పాచి కనిపించింది, మూత్రం ఆకుపచ్చగా వచ్చింది. ఆ ఆకుపచ్చ ఏమిటని 1970లో పరీక్షిస్తే, విరేచనాలకు వాడే క్లియోక్వినాల్ ఇనుముతో కలిసిన రంగు అది. మన పాతతరం ఇళ్లలో ఎంటరోవయోఫాం అన్న పేరుతో ఉండేది, అదే. నీగాటా విశ్వవిద్యాలయానికి చెందిన త్సుబాకి అనే వైద్యుడు ఆ మందు మీదే వేలు చూపాడు. ఆ సెప్టెంబరులో అమ్మకం ఆపారు. కొత్త కేసులు ఒక్కసారిగా పడిపోయాయి. అప్పటికి పదివేల మందికి పైగా దెబ్బతిన్నారు.

మన దగ్గర చెయ్యగలిగినవి పెద్ద ఖర్చువి కావు. వైఎస్సార్ కంటి వెలుగు పథకాన్ని 2019 అక్టోబరు 10న మొదలుపెట్టింది అనంతపురంలోనే. టీబీ నమూనా ఇక్కడే, కంటి వెలుగు ఇక్కడే. ఒకరి రిజిస్టరు ఇంకొకరికి చూపించాలని ఎవరికీ తోచలేదు. మందు మొదలుపెట్టే రోజు అక్షరాల పటం ముందు నిలబెట్టి ఒక్కో కన్ను మూసి చదివించి ఆ అంకె కార్డు మీద రాయండి. మందు ఇచ్చేటప్పుడు ఆశా కార్యకర్త నెలకోసారి ఒక కన్ను మూయించి, క్యాలెండరులో సన్న అక్షరం, ఒక ఎర్ర వస్తువు చూపించి, పోయిన నెలలాగే ఉందా అని అడగాలి. రెండు కళ్లూ తెరిచి అడిగితే కొన్నిసార్లు తెలియదు. అనుమానం వచ్చిన ప్రతి కేసునూ 2010లో మొదలైన జాతీయ ఔషధ నిఘా కార్యక్రమానికి పంపాలి. రోగి కూడా నేరుగా చెప్పుకోవచ్చు, 1800-180-3024కు ఫోను చేస్తే డబ్బు పడదు.

ఇంతా చేశాక కూడా కొందరికి చూపు పోతుంది. వాళ్ల సంగతేమిటి? జపాన్ ఆ దెబ్బ తర్వాత 1979లో చట్టం తెచ్చి, సరిగ్గా వాడిన మందు వల్ల దెబ్బతిన్నవాళ్లకు పరిహారం ఇచ్చే నిధి పెట్టింది. డాక్టరు తప్పు నిరూపించనక్కర్లేదు, మందు వల్లే అని తేలితే చాలు. మన దేశంలో ఇలాంటి పరిహారం ప్రయోగ దశలో ఉన్న మందులకే రాసి ఉంది. టీబీ మందులన్నీ ప్రభుత్వమే ఉచితంగా ఇచ్చి, దగ్గరుండి మింగించి, ఊరి క్షేమం కోసం కూడా మింగమన్న మనిషికి అది వర్తించదు.

ధర్మవరం జంక్షన్‌లో రైలు నడిపే లోకో పైలట్‌కు ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియకపోతే రైల్వే అతన్ని ఇంజను ఎక్కనివ్వదు, ఎందుకంటే ఆ కన్ను ఆ పనికి పనికిరాదని దాని నియమాల్లోనే ఉంది. అదే ఊళ్లో మగ్గం మీది మనిషికి అదే తేడా పోతే, వైకల్య ధ్రువపత్రం కోసం బోర్డు ముందు కూర్చున్నప్పుడు వాళ్లు కొలిచేది దూరపు అక్షరాలు, చూపు విస్తీర్ణం. రంగుకు అందులో గడి లేదు. అక్షరాల చూపు తిరిగొచ్చి రంగు ఒక్కటీ రాకపోతే, కండె గుర్తుపట్టలేని ఆ నేతగాడికి బోర్డు రాసిచ్చే వైకల్యం సున్నా శాతం.